న్యూట్రిన్ మిఠాయి సంస్థ (చిత్తూరు)

నెల్లూరు సీమలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు అంగళ్ళలో గాజుసీసాల నిండుగ నుండునది పిప్పరమెంటు బిళ్ళయైనను, నిమ్మతొనయైనను, కాగితము చుట్టిన మెత్తని పాలటాఫీయైనను, పిల్లల నోట ‘చాకలెట్టు’ అను ఒక్క పేరుననే చెల్లుచున్నది. కోకో గింజ వాసనయైన నెరుగని మిఠాయికి ఈ బిరుద మెట్లబ్బెనో చిత్తూరి న్యూట్రిన్ సంస్థ చరిత్రమువలన కొంత బోధపడును.

అసలు చాక్లెట్టులోని కోకో వెన్న సుమారు 34 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికే కరగును. ఫ్రాన్సు దేశమున మెనియే వంశమువారు 1816లో ఔషధ వ్యాపారముతో నారంభించి, 1825లో మార్న్ నదీతీరమున నువాజియెల్ గ్రామమందలి నీటిమరను చేకొని, 1836 నాటికి పసుపుపచ్చ కాగితము చుట్టిన చాక్లెట్ పలకలను విక్రయింపగలిగిరన్న, వారి నేర్పునకు ఆ దేశపు చల్లదనమును తోడ్పడినది. మే మాసమున 40 డిగ్రీలు దాటు ఉదయగిరి దుర్గపాదమున అట్టి పలక మధ్యాహ్నమునకు పానకమగును. పంచదారను ద్రవగ్లూకోజుతో కలిపి 150 డిగ్రీల చేరువ వరకు కాచి, తేమను హరింపజేసి తీసిన బిళ్ళకు ఆ భయము లేదు. గ్లూకోజు చేరుటచే పంచదార మరల పలుకుగట్టదు.

1952లో బి.వి. రెడ్డి న్యూట్రిన్ సంస్థను స్థాపించునాటికి ఆంధ్రరాష్ట్రమే ఏర్పడలేదు. చిత్తూరు, నెల్లూరు రెండును మద్రాసు రాష్ట్రములోనివే. నెల్లికుప్పమున పారీ వారి మిఠాయి కర్మాగారము 1914 నుండియు నడచుచుండెను. అట్టి పోటీ నడుమ, చెరకును పాడియు మామిడితోటలును గల జిల్లానుండి తలయెత్తిన ఒక తెలుగు సంస్థ, పాలరుచి గల ‘మహా లాక్టో’, కొబ్బరి కలిసిన ‘కోకనాకా’ మొదలగువానితో దేశమంతట వ్యాపించుట సామాన్యమైన కార్యము కాదు. అంగడివారు చిల్లర లేదని చేతిలో రెండు బిళ్ళలు పెట్టుటవలన ఈ జాతి మిఠాయి కొంతకాలము నాణెమువలెను చెలామణి యైనది.

సంస్థాభివృద్ధికి సారథ్యము వహించిన ద్వారకనాథరెడ్డి రమణమహర్షి భక్తులు; అరుణాచలమను తిరువణ్ణామలైలో నివసించి ఆధ్యాత్మిక గ్రంథములు రచించిరి. మిఠాయి వర్తకుడు వేదాంతము వ్రాయుట చోద్యముగ తోచునేమో గాని, చిత్తూరికి అరుణాచల మెంత దూరము!

2006లో న్యూట్రిన్ గోద్రెజ్ వారి వశమయ్యెను. మరుసటి యేడు అమెరికా దేశపు హెర్షీ సంస్థ వారితో భాగస్వామియై, 2012లో వారి వాటాను కూడ కొనెను. ఆ సంస్థాపకుడు మిల్టన్ హెర్షీ చాక్లెట్ పైననే మనసు నిలుపదలచి, పాలటాఫీల వంటి తన కారమెల్ వ్యాపారమును 1900లో పది లక్షల డాలర్లకు అమ్మివేసినవాడు. నూరేండ్లు గడచిన పిమ్మట అతని సంస్థయే టాఫీల కొరకు చిత్తూరు దారి పట్టినది.