హైదరాబాదు - రాజమహేంద్రవరం విమాన దూరం

హైదరాబాదు - రాజమహేంద్రవరం విమాన దూరం అనగా శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి, మధురపూడి వద్ద గల రాజమహేంద్రవరం విమానాశ్రయానికి మధ్య ఆకాశమార్గంలో గల దూరం. ఇది సుమారు 360 కిలోమీటర్లు, అనగా దాదాపు 195 నాటికల్ మైళ్ళు. ఖమ్మం, భద్రాచలం అటవీ ప్రాంతానికి వెళ్ళే ప్రయాణికులు ఉపయోగించే విమానాశ్రయాలలో ఈ రెండూ ఉన్నాయి.

దూరం లెక్కించే విధానం

భూమి గోళాకారంలో ఉన్నందున రెండు స్థలాల మధ్య అతి తక్కువ దూరాన్ని మహావృత్త చాపం ద్వారా కొలుస్తారు. తక్కువ దూరాలకు సులభమైన పద్ధతి ఒకటి ఉన్నది. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కి.మీ.లకు సమానం. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106 కి.మీ. ఉంటుంది. ఈ రెండు విమానాశ్రయాల రేఖాంశాల తేడా దాదాపు 3.4 డిగ్రీలు, అక్షాంశాల తేడా స్వల్పం. అందువలన దూరం 360 కి.మీ. వస్తుంది.

ప్రయాణ కాలం

గంటకు 500 కి.మీ. వేగంతో ఎగిరే చిన్న విమానం ఈ దూరాన్ని 45 నిమిషాల లోపే దాటగలదు. అయితే రన్‌వేపై కదలిక, పైకి లేవడం, దిగడం, నిర్ణీత వాయుమార్గాలను అనుసరించడం వలన మొత్తం ప్రయాణానికి గంట లేదా అంతకంటె కొంచెం ఎక్కువ సమయం పడుతుంది.

భద్రాచలంతో సంబంధం

పటంపై ఈ రెండు విమానాశ్రయాలను కలిపే సరళరేఖ ఖమ్మం పట్టణానికి కొద్దిగా దక్షిణంగా, భద్రాచలానికి సుమారు 58 కి.మీ. దక్షిణంగా సాగుతుంది. భద్రాచలం నుండి సరళరేఖలో రాజమహేంద్రవరం విమానాశ్రయం సుమారు 117 కి.మీ., గన్నవరంలోని విజయవాడ విమానాశ్రయం సుమారు 127 కి.మీ., శంషాబాదు సుమారు 265 కి.మీ. దూరంలో ఉన్నాయి.

కాని సరళరేఖ దూరాన్ని బట్టి ప్రయాణ కాలాన్ని అంచనా వేయరాదు. రాజమహేంద్రవరం నుండి మారేడుమిల్లి, చింతూరు మీదుగా వెళ్ళే దారి తూర్పు కనుమల ఘాట్ రోడ్డు గుండా సాగుతుంది. విమానంలో గడిపిన సమయం కంటె ఈ రోడ్డుపై గడిపే సమయం కొన్ని రెట్లు ఎక్కువ. భద్రాచలం పట్టణంలో రైల్వే స్టేషను లేదు. భద్రాచలం రోడ్ అనే పేరు గల స్టేషను సుమారు 40 కి.మీ. దూరంలోని కొత్తగూడెంలో ఉన్నది.

వరదల సమయంలో

భద్రాచలం గోదావరి ఎడమ గట్టున ఉన్నది. ఖమ్మం, కొత్తగూడెం వైపు నుండి వచ్చేవారు ఇక్కడ వంతెనపై నదిని దాటాలి. ఇక్కడ నీటిమట్టం 53 అడుగులకు చేరితే మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నమోదయ్యాయి. 2022 వరదలలో వంతెనపై రాకపోకలు నిలిపివేశారు. అట్టి సమయాలలో అత్యవసర వైద్యం కావలసినవారికి విమానాశ్రయం ఎంత దూరమన్నదాని కంటె, అక్కడికి చేర్చే దారి తెరచి ఉన్నదా లేదా అన్నదే ముఖ్యమవుతుంది.