మెట్ట మనిషి వయసు

"జీవనశైలి మార్చుకుంటే ముసలితనం ఆలస్యమవుతుంది" అని ఈమధ్య ప్రతి డాక్టరూ చెబుతున్నాడు. తప్పు కాదు. కానీ ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో మన వాడల చరిత్ర చూడండి మిత్రులారా. శైలి అనేది ఎంచుకునే వీలున్నోళ్ల మాట.

1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. గారపళ్లు, బిగిసిన వెన్ను, వంగిపోయిన నడుము. రాతిలోంచి నీళ్లలోకి దిగే ఫ్లోరైడ్‌కి కులం లేదు, నిజమే. పాలూ పెరుగూ ఎరగని ఒంటిని మాత్రం అది ఎక్కువ విరుస్తుంది. ఎండలో కూలి చేసేవాడు ఆ నీళ్లే ఎక్కువ తాగాలి. 40 ఏళ్లకే కర్ర పట్టినోణ్ణి చూసి కర్మ అన్నారు.

తిండి సంగతి ఇంకా పాతది. 1877లో, ధాత కరువులో, మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు పనికొచ్చిన మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు రిచర్డ్ టెంపుల్. పౌను అంటే అరకిలో కూడా కాదు.

ఆకలి కడుపులో బిడ్డని ఏం చేస్తుందో నెదర్లాండ్స్‌లో లెక్క తీశారు. 1944-45 కరువులో తల్లి కడుపున ఉన్నోళ్లకి జన్యువులు మారలేదు, వాటిమీది మిథైల్ గుర్తులు మారాయి. ఎపిజెనెటిక్స్ అనేది దీన్నే. వాళ్ల ఒళ్లు మిగతావాళ్లకంటే వేగంగా ముసలిదవుతోందని 2024లో అచ్చయింది. ధాత కరువు గుర్తులు ఇన్ని తరాలు దాటొచ్చాయని నేను అనను. మనకి ఆకలి మళ్లీ మళ్లీ వచ్చింది, అంతే.

వాళ్లకి పుట్టిన తేదీలున్నాయి, ఆసుపత్రి రికార్డులున్నాయి. మన అవ్వల ఆధార్‌లో జనవరి 1. పింఛనుకి చూసేది ఆ తేదీనే, నడుముని కాదు. ఆ సంగతి వచ్చే భాగంలో.