ఇరుసు కందెన నుంచి ఇంజన్ అసెంబ్లీ లూబ్ దాకా

ఈ రోజు ఎపిసోడ్ నా తప్పుతోనే మొదలుపెడతా.

పర్చూరు దగ్గర మా ఊళ్లో పెదనాన్నగారి పాత అంబాసిడర్ ఉంది. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. సాఫ్ట్‌వేర్ జాబ్ మానేశాక నేను చేసిన మొదటి పని దాన్ని విప్పడం. క్రాంక్ గ్రైండింగ్ చేయించా, కొత్త బేరింగులు వేసి, పల్చటి ఇంజన్ ఆయిల్ రాసి బిగించేశా. హెడ్ సామాను రావడానికి ఐదు వారాలు పట్టింది. స్టార్ట్ చేసే రోజు పెదనాన్న కొబ్బరికాయ కూడా కొట్టారు. నిమిషం కాకముందే కింద నుంచి టకటకా శబ్దం. మళ్లీ విప్పితే బేరింగుల నిండా గీతలు. ఖర్చంతా రెండోసారి. పెదనాన్న ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

ఊళ్లో పెద్ద మేస్త్రి వచ్చి చూసి, "కందెన పెట్టకుండానే బండి కట్టావా బాబూ?" అన్నారు.

కందెన అంటే తెలుసుగా? స్కూల్లో 'కందెన నూనెలు' అని చదువుకున్నాం. కానీ అసలు కందెన ఎడ్లబండిది. ఎండుగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి ముద్దలా చేసేవాళ్లు. మన వైపు పత్తి బోరాలు, మిరప బస్తాలు బండ్ల మీదే కదిలిన రోజుల్లో, చక్రం ఊడదీసి ఇరుసుకి ఇదే పూసేవాళ్లు. ఒట్టి నూనె అయితే కారిపోతుంది. మసి కలిస్తే ముద్ద ఇరుసుని పట్టుకుని ఉంటుంది. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అనే సామెత ఊరికే పుట్టలేదు!

ఇప్పుడు ఇంగ్లండ్ వెళ్దాం. చార్లెస్ వేక్‌ఫీల్డ్ అనే వ్యాపారి 1909లో ఇంజన్ల కోసం ఆముదం కలిపిన ఆయిల్ తెచ్చాడు. ఆముదాన్ని ఇంగ్లీషులో క్యాస్టర్ ఆయిల్ అంటారు కదా, అందుకే దాని పేరు క్యాస్ట్రాల్. అవును, మన మెకానిక్ షాపుల్లో కనిపించే డబ్బా మీది పేరే.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 నుంచి 1918 దాకా, చాలా ఫైటర్ విమానాల్లో రోటరీ ఇంజన్లు ఉండేవి. వాటిలో క్రాంక్ కదలదు, సిలిండర్లే ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరుగుతాయి. పెట్రోల్ ఆవిరి క్రాంక్‌కేసు గుండానే వెళ్తుంది. మామూలు ఆయిల్‌ని పెట్రోల్ కడిగేస్తుంది. ఆముదం పెట్రోల్‌లో అంత తేలిగ్గా కరగదు, లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. కాలని ఆముదం ఎగిరొచ్చి పైలట్ల ముఖం మీద పడేది. ఆ ఆవిరి పీలిస్తే కడుపు ఏమవుతుందో, చిన్నప్పుడు ఆముదం తాగిన మనకి చెప్పక్కర్లేదు! అప్పట్లో ప్రపంచానికి ఆముదం గింజలు ఎక్కువగా వెళ్లింది మన దేశం నుంచే.

మరి ఇప్పుడు ఎందుకు వాడట్లేదు? వేడికి ఆముదం జిగురులా మారి ఇంజన్ లోపల పేరుకుంటుంది. అందుకే ఇంట్లో సీసా తెచ్చి కారులో పోయకండి ప్లీజ్.

కానీ లాజిక్ మారలేదు. కొత్తగా కట్టిన ఇంజన్ మొదటిసారి తిరిగేటప్పుడు కొన్ని సెకన్లు ఆయిల్ ప్రెషర్ ఉండదు. ఆ కొన్ని సెకన్లు కాపాడేదే అసెంబ్లీ లూబ్. నేను రాసిన పల్చటి ఆయిల్ ఐదు వారాల్లో కారిపోయింది.

రెండోసారి ఇలా చేశా. బేరింగులకి చిక్కటి అసెంబ్లీ లూబ్. క్యామ్, ట్యాపెట్లకి మోలీ పేస్ట్, ఎందుకంటే అంబాసిడర్‌లో అవి ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి. పిస్టన్ రింగులకి మాత్రం మామూలు ఇంజన్ ఆయిలే. మోలీ పూస్తే రింగులు సిలిండర్‌కి సరిగ్గా కుదురుకోవు. హెడ్ బోల్టులకి మాన్యువల్‌లో ఏది రాయమంటే అదే, లేకపోతే టార్క్ లెక్క తప్పుతుంది. చక్రాలకి పెట్టే గ్రీజు మాత్రం లోపల వద్దు. అది ఆయిల్‌లో కరక్క, ఫిల్టర్‌కి అడ్డం పడొచ్చు. చివరగా స్పార్క్ ప్లగ్గులు తీసేసి, ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌తో తిప్పా. ఆ తర్వాతే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేశా.

ఈసారి సంగీతం లేదు. పెదనాన్న ఏమీ అనకుండా డ్రైవింగ్ సీట్లో కూర్చుని, చీరాల దాకా వెళ్లొచ్చారు. దిగాక మేస్త్రికి ఫోన్ చేసి చెప్పారు: "మావాడు కందెన నేర్చుకున్నాడు."

మీ ఇంట్లో పెద్దవాళ్లని ఒకసారి అడగండి, కందెన ఎలా కలిపేవాళ్లో. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.