కొండవీటి రెడ్ల వంశావళిలోఁ గోమటి శబ్దము

గుంటూరు సీమలోని కవిలెలు కొండవీటి రెడ్ల పుట్టుకను గూర్చి యొక వింతకథ చెప్పును. ఆ వంశమునకు మూలపురుషుఁ డొక కోమటియొద్దనున్న పరుసవేదిని మోసమున గ్రహించెననియు, ఆ కోమటి ప్రాణములు విడువఁగాఁ బాపభీతిచేఁ దన సంతతివారికి వాని పేరు పెట్టుటకు సమ్మతించెననియుఁ దత్సారము. రాజులలో వేమనామము మాటిమాటికి వచ్చుటకును, ఒకనికిఁ బెదకోమటి వేముఁడని పేరుండుటకును జనులు చెప్పుకొన్న హేతు విదియే. కథ రుచికరమే గాని, శాసనములు దీనికిఁ జోటీయవు.

అద్దంకి రాజధానిగా 1325 ప్రాంతమున రాజ్యము స్థాపించిన ప్రోలయ వేముఁడు, ప్రోలయ కుమారుఁడైన వేముఁడు. రాజమహేంద్రవరపుఁ గాటయ వేముఁడు కాటయ కుమారుఁడు. అల్లయ వేముఁడు అల్లాడరెడ్డి కుమారుఁడు. తండ్రి పేరు ముందుంచి పిలుచుట యా కాలపు వాడుక. అనవేమ రాచవేము లీ పద్ధతికి వెలియైనను, పెదకోమటి వేముఁడు వెలి గాఁడు. అతని తండ్రి పేరు కోమటి. ఆ కోమటి తండ్రి మాచారెడ్డి, ప్రోలయ వేముని సోదరుఁడు. కావునఁ గోమటి నామము మాచారెడ్డి శాఖలోఁ బుట్టినది. ప్రోలయ వేముని కుమారులైన అనవోతానవేములకు గాని, మనుమఁడైన కుమారగిరికి గాని యది లేదు. మూలపురుషుఁడు చేసిన ప్రతిజ్ఞయే యైనచో నొక శాఖను విడిచి మఱియొక శాఖను బట్టుట యేల?

ఒకే పేరు తరతరములు వచ్చుట మన దేశపు వింత గాదు. జర్మనీలోని రాయిస్ వంశమున మగబిడ్డలందఱకును హైన్రిఖ్ అనియే పేరు. ఒకని నొకనినుండి వేఱుపఱుచుటకు సంఖ్యలు దక్క వేఱు సాధనము లేదు. తెలుఁగువారు సంఖ్యకు మాఱు తండ్రిని జెప్పిరి.

ఈ వివేచనము లేనిచో రాజ్యచరిత్రయే తాఱుమాఱగును. కుమారగిరి 1402లో గతించెను. కుమారుఁ డంతకుమున్నే మరణించెను. అప్పుడు సింహాసన మెక్కినవాఁడు పెదకోమటి వేముఁడు. కుమారగిరి తోడఁబుట్టువైన మల్లాంబను బెండ్లాడిన కాటయ వేముఁడు రాజమహేంద్రవరమున నిలిచెను. ఇతఁడు ప్రోలయ వేమునికి దౌహిత్రుఁడు, తల్లి దొడ్డాంబిక. మేనమామ కూఁతును బెండ్లాడెనన్నమాట. ఒకనిది పురుషసంతతి వలనఁ గలిగిన హక్కు, మఱియొకనిది మేనఱికపు సంబంధము. ఈ యిరువురును వేములే యగుటచే, తండ్రి పేరు విడిచి చదివినవారికి వైరమే బోధపడదు. మన సాహిత్యమునకు దీనివలనఁ గలిగిన చిక్కు మఱియొకటి గలదు. యోగి వేమనను గొండవీటి రాజుల తమ్మునిగాఁ జేసినదియు నీ నామసామ్యమే. అతఁడు పదునేడవ శతాబ్దివాఁడని పలువురు పండితుల నిర్ణయము.

ఆధారములు దూరమున లేవు. పెదకోమటి వేముని రాణి సూరమాంబ త్రవ్వించిన సంతానసాగరమను చెఱువును జెప్పు శాసనము ఫిరంగిపురమున 1409 నాఁటిది. ఆ చెఱువునకు నీరు దెచ్చుటకు రాచవేముఁడు త్రవ్వించిన జగనొబ్బగండకాలువను జెప్పునది అమీనాబాదు శాసనము, శక 1337 నాఁటిది. నేఁడు ప్రత్తియు మిరపయుఁ బండు నా నల్లరేగడి నేలలో నాఁడు మిరప లేదు. అది పోర్చుగీసువారి వెనుక వచ్చినది.

కవిలెకు న్యాయముగా నొకమాట చెప్పవలయును. రెడ్లు నూఱేండ్లు ఏలిరని యది యనును. 1325 మొదలు రాచవేముని పాలన ముగిసిన 1424 వఱకు లెక్కించినచో నా మాట తప్పుగాదు.