కూలెంట్ తుంపర, చిట్టెలుక ఊపిరి

లేత్ మీద ఉక్కును చెక్కేటప్పుడు ధారగా నీళ్లు వదిలితే కోత 30 నుంచి 40 శాతం వేగంగా సాగుతుందని 1883లో ఫ్రెడరిక్ టేలర్ ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ స్టీల్ కర్మాగారంలో చూపించాడు. తుప్పు పట్టకుండా ఆ నీళ్లలో సోడా కలిపేవారు. తర్వాతి కాలంలో నూనె చుక్కయినా లేని సింథటిక్ కూలెంట్లు వచ్చాయి. ఏ ద్రవమైనా గిరగిరా తిరిగే లోహానికి తగిలితే సన్నని తుంపరై గాలిలోకి లేస్తుంది. మిషన్ ముందు నిలబడ్డ టర్నర్ షిఫ్టు అయ్యేదాకా దాన్నే పీలుస్తాడు.

కోత వేగం మీద పెట్టిన శ్రద్ధ ఆ ఊపిరి మీద పెట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

1976లో అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఒక హెచ్చరిక చేసింది. సింథటిక్ ద్రవాల్లో తుప్పు నివారణకు వేసే నైట్రైట్, ఇథనాలమీన్‌లు కలిసి నైట్రోసమీన్ పుడుతోందని చెప్పింది. ఆ పదార్థం ఎలుకలకు కాలేయ క్యాన్సర్ తెస్తుందని అప్పటికే తెలుసు. 1984లో పర్యావరణ సంస్థ ఈపీఏ అలాంటి కొన్ని మిశ్రమాల్లో నైట్రైట్ కలపడాన్ని నిషేధించింది. అయితే ఎలుకలకు దాన్ని తాగే నీటిలో ఇచ్చారు. కార్మికుడు తాగడు, పీలుస్తాడు.

పీలిస్తే ఏమవుతుందో చూడటానికి పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఈవ్ అలరీ రూపొందించిన పద్ధతి అక్కరకొచ్చింది. చిట్టెలుక ఒళ్లు గాజు గొట్టంలో ఉంటుంది, తల మాత్రం తుంపర నింపిన గదిలోకి చొచ్చుకుని ఉంటుంది. ముక్కు మండితే అది ఊపిరి వదిలే ముందు కాసేపు ఆగుతుంది, శ్వాసల లెక్క పడిపోతుంది. ఆ లెక్క సగానికి తగ్గించే మోతాదే కొలమానం. 1991లో షేపర్, డెట్‌వైలర్ ఇలా కూలెంట్లను పరీక్షిస్తే, నీళ్లు కలపని నూనెల కంటే నీళ్లలో కలిపి వాడేవే ఎక్కువ మంట పుట్టించాయి.

1993లో ఆటో కార్మికుల సంఘం యూఏడబ్ల్యూ, తుంపరకు కొత్త ప్రమాణం కావాలని కార్మిక భద్రతా సంస్థ ఓషాకు అర్జీ పెట్టుకుంది. 1998లో నియోష్, తుంపర ఘనపు మీటరు గాలికి 0.4 మిల్లీగ్రాములు మించరాదని సిఫారసు చేసింది. ఓషా కదలలేదు. సంఘం కోర్టుకెక్కినా 2004లో తీర్పు ఓషా వైపే వచ్చింది.

తర్వాత జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం ఎలుకలను, చిట్టెలుకలను వారానికి ఐదు రోజుల చొప్పున రెండేళ్లు తుంపరలో ఉంచింది. 2016 నాటి నివేదికలో ట్రిమ్ వీఎక్స్ అనే ద్రవం చిట్టెలుకల ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ తెచ్చిందని తేల్చింది. ఇన్ని ప్రాణాలు తీసి రాబట్టిన సమాచారాన్ని చట్టం పట్టించుకోకపోవడం అన్యాయం. ఓషా నిబంధనల్లో ఖనిజ నూనె తుంపరకు హద్దు నేటికీ 5 మిల్లీగ్రాములే. నూనె లేని సింథటిక్ కూలెంట్‌కు అదీ లేదు, మామూలు దుమ్ముకు పెట్టిన 15 మిల్లీగ్రాములే వర్తిస్తుంది.