ఏడు మూరల రస్తా

పోయిన జుమేరాత్ నాడు ఇషా నమాజ్ అయినంక మా మొహల్లా వాళ్లం గల్లీలోనే కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. మసీదు కమిటీ మీటింగ్ కాదది. ఎదురింటి రిటైర్డ్ టింబర్‌మన్ అన్న వచ్చాడు, కిరాణా దుకాణం వదిన వచ్చింది, మా అబ్బాతో పాటు కోల్ ఫిల్లర్‌గా బాయిలో దిగిన చాచా తన అరుగు మీదే కూర్చున్నాడు. మసలా ఏమిటంటే, గల్లీ మొదట్లో ఉన్న పాత ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నాయన అక్కడ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కడతానంటున్నాడు. ముప్పై అడుగుల రోడ్డు లేకపోతే ఇజాజత్ రాదంట. రెండు పక్కల వాళ్లు తలా నాలుగు అడుగులు వదిలితే సిమెంటు రోడ్డు, మోరీ తన ఖర్చుతో వేయిస్తానన్నాడు.

నాలుగు అడుగులంటే చెప్పడానికి చిన్న మాట. అరవై గజాల ఇంట్లో అది వంటగది.

నస్పూర్ ఎట్లా పెరిగిందో తెలియని వాళ్లకు ఈ తక్‌రార్ అర్థం కాదు. మాది ఊరు ముందు, ఇళ్లు తర్వాత అన్నట్టు ఏర్పడిన బస్తీ కాదు. బొగ్గు ముందు, కంపెనీ తర్వాత, మనుషులు ఆ తర్వాత. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీగా మొదలైన గనుల కంపెనీ 1920లో సింగరేణి కాలరీస్ అయింది. 1945లో నిజాం సర్కారు దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇల్లందు నుంచి బెల్లంపల్లి, మందమర్రి, తర్వాత శ్రీరాంపూర్ దాకా బొగ్గు ఎటు పోతే జనం అటు వచ్చారు. క్వార్టర్లు కంపెనీవి, రోడ్లు కంపెనీవి, నల్లా నీళ్లు కంపెనీవి. నక్షా కూడా కంపెనీదే. ఇక్కడి చౌరస్తాను ఇప్పటికీ సీసీసీ కార్నర్ అంటారు. కోల్ కెమికల్ కాంప్లెక్స్ అనే కార్ఖానా పేరు అది. పొడి అక్షరాలు తప్ప దాని అసలు పేరు మా పిల్లల్లో ఒక్కడికీ తెలియదు.

డ్యూటీ అయిపోయి క్వార్టర్ ఖాళీ చేసిన వాళ్లు ఎక్కడికి పోవాలి? సొంతూరు మర్చిపోయి ముప్పై ఏళ్లు. దొరికిన చోట సాదా బైనామా మీద జాగా తీసుకుని గోడ లేపుకున్నారు. మా అబ్బా కూడా అంతే. దస్తావేజు అంటే ఇద్దరు గవాల సంతకాలున్న తెల్ల కాగితం. రోడ్డు ఎంత వదలాలి అన్నది ఎవరి హుకుమూ కాదు. ఎడ్లబండి తిరిగితే చాలు అనుకున్నారు, ఎవరి ముందు వాళ్లు అరుగు కట్టుకున్నారు. తెలంగాణ వచ్చాక, సింగరేణి వదిలేసిన జమీన్‌లో ఇళ్లు కట్టుకున్న వాళ్లకు పట్టాలివ్వడానికి 76 నంబరు జీవో వచ్చింది. మా గల్లీలో పట్టా చేతికొచ్చిన ఇళ్లూ ఉన్నాయి, ఎదురుచూస్తున్నవీ ఉన్నాయి. అందుకే ఆ రాత్రి ఒకాయన అడిగిన సవాలు అందరినీ చుప్ చేసింది: "కాగితమే లేని జాగాల నాలుగు అడుగులు వదిలితే, రేపు పట్టా మిగిలినదానికే ఇస్తరు గదా?"

ఇన్నాళ్లూ ఈ తొందర లేదు. 2018లో నస్పూర్ మున్సిపాలిటీ అయింది. 2023 జూన్‌లో మంచిర్యాల జిల్లా కొత్త కలెక్టరేట్ నస్పూర్‌లోనే తెరిచారు. 2025లో మున్సిపాలిటీ పోయి మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసిపోయాం. కలెక్టరేట్ అంటే వకీళ్లు, జిరాక్స్ దుకాణాలు, కిరాయి ఇళ్లు, పొద్దున పదింటికి వరుసగా కార్లు. రాజీవ్ రహదారి మీద బొగ్గు లారీల పక్కన ఇప్పుడు ఇవీ. (రహదారి అన్న మాటకు పాత ఫార్సీలో రోడ్డు అని అర్థం లేదు. దారిన పోయేవాడి దగ్గర వసూలు చేసే సుంకం అది. బసంత్‌నగర్ టోల్‌గేట్ దగ్గర ఆగినప్పుడల్లా నాకు ఆ పాత మానీ యాదికొస్తుంది.)

రోడ్డు వెడల్పు గురించి పొరుగువాళ్లు కొట్లాడుకోవడం కొత్త కాదు. దారి దగ్గర తగాదా వస్తే ఏడు మూరలు వదలండని హదీసులో ఒక కొలత ఉంది. ఏడు మూరలు అంటే దాదాపు పదిన్నర అడుగులు, బరువుతో రెండు ఒంటెలు ఎదురెదురుగా పోయేంత. గమనించండి, ఆ కొలత తగాదా వచ్చినప్పటికే. పొరుగువాళ్లు రాజీ పడితే ఎంతైనా పెట్టుకోవచ్చు. 14వ శతాబ్దంలో ట్యూనిస్‌లో ఇబ్న్ అల్ రామీ అనే మేస్త్రీ ఉండేవాడు. గోడలు, కిటికీలు, పొగ, మోరీల మీద కాజీ ముందుకు వచ్చిన తగాదాల మీద ఒక కితాబే రాశాడు. పండితుడు రాసిన ఫిఖ్ కన్నా తాపీ పట్టినవాడు రాసిన ఫిఖ్ నాకు ఎక్కువ నచ్చుతుంది. ఆ రివాజులో గడప ముందున్న కొంత జాగాను ఫినా అంటారు. దాన్ని ఇంటివాడు వాడుకోవచ్చు, కానీ దారిన పోయేవాడికి తక్లీఫ్ కాకూడదు. మన అరుగు అచ్చంగా అదే. చాచా అరుగు మీద పొద్దునపూట పాలప్యాకెట్లు, మధ్యాహ్నం బీడీలు చుట్టే ఆడవాళ్లు, రాత్రి మా మీటింగ్. దాన్ని ఆక్రమణ అని ఒక్క మాటలో కొట్టేయడం నాకు చేతకాదు. అంబులెన్స్ తిరగదన్న మాటనూ కొట్టేయలేను.

పొరుగువాడికి ఇంకో హక్కు ఉండేది, హఖ్-ఎ-షుఫా. పక్క జాగా అమ్మితే ముందు పొరుగువాడిని అడగాలి. మన దేశంలో కోర్టులు దీన్ని చాలాకాలం నడిపించాయి. 1962లో భావూరామ్ వర్సెస్ బైజ్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు, కేవలం పక్కిల్లు అన్న కారణంతో ఈ హక్కు చెల్లదని ఫైసలా ఇచ్చింది. ఇష్టం లేని వాళ్లను మొహల్లాలోకి రానివ్వకుండా ఆపే సాధనం అది అని కోర్టు చూసింది. మొదట చదివినప్పుడు నాకు బాధేసింది, హమ్‌సాయా హక్కు పోయిందే అని. ఆ రాత్రి మీటింగ్‌లో నా ఖయాల్ మారింది.

ఎందుకంటే నాలుగు అడుగుల లెక్క నడుస్తుండగా ఒక కుర్రాడు లేచి, "రోడ్డు సంగతి కాదన్నా, అపార్ట్‌మెంట్‌ల ఎవరెవరో వస్తరు, అది చూడాలె" అన్నాడు. ఇద్దరు ముగ్గురు తల ఊపారు. ఎవరెవరో అంటే ఎవరు? మంచిర్యాలలో కిరాయి ఇల్లు వెతికినప్పుడు నా పేరు విని "ఇప్పుడే ఇచ్చేసినం" అన్న గడపలు నాకు లెక్క తెలుసు. టింబర్‌మన్ అన్నకు ఆయన కులం అడిగిన గడపలు తెలుసు. మొహల్లాకు రస్తా మీద, వెలుతురు మీద, మోరీ మీద మాట ఉండాలి. ఎవరు వచ్చి ఉంటారన్న దాని మీద ఉండకూడదు. అసలు ఈ గల్లీలో ఎవరు ఎవరెవరో కాదు? చాచాది వరంగల్ పక్క పల్లె, వదినది చెన్నూరు, మా తాత ఎక్కడి నుంచి వచ్చాడో అబ్బాకే సరిగ్గా తెలియదు. ఈ మాట అక్కడే అన్నాను. కుర్రాడు కూర్చున్నాడు, ఒప్పుకుని కూర్చున్నాడా లేదా తెలియదు.

పైనుంచి గీసిన నక్షాల చరిత్ర కూడా మనకు కొత్త కాదు. 1908 మూసీ వరద తర్వాత 1912లో హైదరాబాద్‌లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు గల్లీలు తీసేశారు, రోడ్లు వెడల్పు చేశారు. ఆ జమానాలో మొహల్లాను అడిగేవాడు లేడు, కానీ తీసేసిన చోట్ల పేదలకు ఇళ్లు కట్టించడం బోర్డు పనిలో భాగంగా ఉండేది. ఇప్పుడు అడగాలని కానూన్ ఉంది. మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద జనం అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఇస్తారు. 2019 మున్సిపల్ చట్టంలో ఒక్కో వార్డుకు నాలుగు కమిటీలున్నాయి: యువకులు, ఆడవాళ్లు, పెద్దవాళ్లు, ఊళ్లో పేరున్నవాళ్లు. మా గల్లీలో వీటి పేరు విన్నవాళ్లు ఆ రాత్రి ఇద్దరే తేలారు.

అడగకుండా గీస్తే ఏమవుతుందో మన పక్కనే చూశాం. 2023 జనవరిలో జగిత్యాలలో, కామారెడ్డిలో మాస్టర్ ప్లాన్ ముసాయిదాల మీద రైతులు రోడ్డెక్కారు. కామారెడ్డిలో పొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపించారన్నది గుస్సా. ఆ నెలలోనే రెండు కౌన్సిళ్లూ ప్లాన్ రద్దు చేయాలని తీర్మానం చేశాయి. కానీ అవి ఎకరాల లెక్కలు, ఊళ్లకు ఊళ్లు కదిలాయి. పదహారు ఇళ్ల గల్లీ కోసం కలెక్టరేట్ ముందు ఎవరు కూర్చుంటారు? మా లాంటి గల్లీల మసలా గజెట్‌కు ఎక్కదు, ఇట్లా కుర్చీల మీదే తేలాలి.

మరునాడు పొద్దున టేపు పట్టుకుని కొలిచాం. గల్లీ మొదట్లో ఇరవై రెండు అడుగులు, మధ్యలో పదహారు, మసీదు మలుపు దగ్గర పదకొండు. ఏడు మూరలకు ఆరంగుళాలు ఎక్కువ అని నేను నవ్వితే ఎవరూ నవ్వలేదు. ముప్పై ఎట్లాగూ కాదని తేలింది. ఇరవై వరకు ఎవరి గోడా పగలదు, అరుగులు మాత్రం పోతాయి. అపార్ట్‌మెంట్ ఆయన ఇరవైకి ఒప్పుకోడు, ఆయనకు మూడంతస్తులు చాలవు. అది ఆయన సంగతి. మనకు అంబులెన్స్ సంగతి వేరు అని వదిన అంది, అందరికీ సబబే అనిపించింది. పట్టా రాని ఇళ్ల వాళ్లు అరుగు తీసే ముందు ఇప్పుడున్న కొలతలతో ఫోటోలు దిగి, దరఖాస్తులో రాసి వార్డు ఆఫీసులో రసీదు తీసుకోవాలని అనుకున్నాం. దరఖాస్తు నేను రాస్తున్నా.

చాచా అరుగు మీద సుద్దముక్కతో గీత గీశాం. ఆయన చాలాసేపు చూసి, "వచ్చే జుమేరాత్ కూడా ఇక్కడే కూర్చుందాం, ఆ తర్వాత తీయుండ్రి" అన్నాడు.