ఫెయిర్ పరిశోధనా కేంద్రం – భారత్ వాటా

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో పలు దేశాలు కలిసి నిర్మిస్తున్న అణుభౌతిక పరిశోధనా కేంద్రం ఫెయిర్. దీని ఒప్పందంపై 2010 అక్టోబరు 4న వీస్‌బాడెన్‌లో భారత్ సహా తొమ్మిది దేశాలు సంతకాలు చేశాయి. అయాన్లను వేగవంతం చేసే ప్రధాన వలయం ఎస్‌ఐఎస్-100 చుట్టుకొలత 1,100 మీటర్లు.

ఖర్చులో సింహభాగం జర్మనీదే. భారత్ వాటా 2005 ధరల ప్రకారం 3.6 కోట్ల యూరోలు. దేశం తరఫున సమన్వయ బాధ్యత కోల్‌కతాలోని బోస్ ఇన్‌స్టిట్యూట్‌ది. ఈ వాటాలో ఎక్కువ భాగాన్ని పరికరాల రూపంలోనే చెల్లించే వీలుంది. డబ్బు మన కర్మాగారాల్లోనే ఖర్చవుతుంది, పనితనం ఇక్కడే నిలుస్తుంది; ఒప్పందంలో మనకు అన్నిటికన్నా మేలు చేసిన అంశం ఇదే.

హైదరాబాద్‌కు ఇందులో చోటు దక్కింది ఆ వెసులుబాటు వల్లనే. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో మొదలైన ఇక్కడి ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, ఫెయిర్‌లో అయాన్ల పుంజాన్ని దారిలో ఉంచే అయస్కాంతాలకు విద్యుత్తునందించే పవర్ కన్వర్టర్లను తయారుచేసింది. గ్రిడ్ నుంచి వచ్చే ఏసీ కరెంటును ఇవి నిలకడైన డీసీగా మారుస్తాయి. అయస్కాంతంలో కరెంటు ఏమాత్రం ఎగుడుదిగుడైనా అయాన్ల పుంజం దారి తప్పుతుంది. కాబట్టి ప్రయోగం ఫలితం ఈ పెట్టెల నాణ్యతపైనా ఆధారపడుతుంది. దుర్గాపూర్‌లోని పరిశోధన సంస్థ సీఎంఈఆర్‌ఐ కూడా పుంజాన్ని ఆపే పరికరాల పనిలో పాలుపంచుకుంది.

ఉక్రెయిన్ యుద్ధం కారణంగా 2022లో ఫెయిర్ భాగస్వామి రష్యాతో సహకారం నిలిచిపోయింది. పెరిగిన ఖర్చులూ తోడవడంతో నిర్మాణాన్ని దశలవారీగా పూర్తిచేయాలని నిర్ణయించారు.